కేంబ్రిడ్జి గణనశాల కథ



ఒక శాస్త్రజ్ఞుడు గొప్ప సత్యమును కనుగొనెనని వినగానే మనము ఆయన పేరునే చెప్పుకొందుము. ఆ సత్యము వెనుక ఎన్ని వేల గుణకారములు, ఎన్ని లక్షల కూడికలు జరిగెనో, వానిని ఎవరు చేసిరో అడుగువారు అరుదు. ఒక రాజు తటాకము త్రవ్వించెనని శాసనము చెప్పును. మన్ను మోసినవారి పేర్లు అందులో కనబడవు. విద్యాలోకములో అట్టి మన్ను మోసినవారిని గూర్చియు, వారికి నీడనిచ్చిన ఒక యింటిని గూర్చియు నేడు చెప్పదలచితిని. ఆ యిల్లు ఇంగ్లండు దేశములోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన గణితశాల. రసాయన, జీవ, ఖగోళ శాస్త్రములను పరిశోధించువారందరికిని లెక్కలలో తోడ్పడుటకై 1937వ సంవత్సరమున అది స్థాపింపబడెను.

కథకు ముందు ఒక మాట. కంప్యూటరు అను పదము నేడు యంత్రమునకు పేరైనది గాని, మొదట అది మనుష్యునకు పేరు. లెక్కలు కట్టుటయే వృత్తిగా గలవారిని ఇంగ్లీషువారు ఆ మాటతో పిలిచెడివారు. 1758వ సంవత్సర ప్రాంతమున హేలీ తోకచుక్క తిరిగి కనబడునని పండితులెల్లరు ఎదురుచూచుచుండిరి. సరిగా ఎప్పుడు వచ్చునో తేల్చుటకు ఫ్రాన్సు దేశమున క్లెరో అను గణితవేత్త పూనుకొనెను. గురు శని గ్రహముల ఆకర్షణ వలన చుక్క నడక ఎంత మారునో మెట్టు మెట్టుగా లెక్కింపవలసియుండెను. లాలాండు అను ఖగోళజ్ఞుడును, నికోల్ రీన్ లెపోట్ అను విదుషీమణియు ఆరు నెలలకు పైగా ఉదయము మొదలు రాత్రివరకు కూర్చుండి ఆ లెక్కలు కట్టిరి. 1759 ఏప్రిల్ నడుమ తోకచుక్క సూర్యునకు సమీపించునని వారు తేల్చిరి. అది మార్చి 13వ తేదీననే సమీపించెను. డెబ్బదియారేండ్లకొకసారి వచ్చు చుక్క విషయములో ఒక నెల తేడా స్వల్పమే. క్లెరోకు కీర్తి వచ్చెను. 1760లో ఆయన గ్రంథము వెలువడినపుడు అందులో ఆ స్త్రీ చేసిన సాయమును గూర్చిన మాట లేదు. ఈ సంగతిని నేను ఊరక చెప్పుటలేదు. లెక్క కట్టినవారి పేరు మాసిపోవుట ఈ చరిత్రలో మొదటినుండియు ఉన్న జాడ్యము.

ఇక కేంబ్రిడ్జికి వత్తము. 1930వ దశకమున అక్కడ లెన్నార్డ్-జోన్స్ అను ఆచార్యుడు అణువుల నిర్మాణమును గణితముచే తెలిసికొన యత్నించుచుండెను. సూత్రము వ్రాయుట ఒక పూట పని, దానినుండి అంకెలు రాబట్టుట నెలల పని. ఈ యిబ్బంది ఆయన ఒక్కనిదే కాదు. భౌతికశాస్త్రము వారికిని, ఖగోళశాస్త్రము వారికిని ఇదే బాధ. ఒక్కొక్క శాఖ తనకు వేరుగా యంత్రములను కొని, వేరుగా మనుష్యులను పెట్టుకొనుట సాధ్యము కాదు. కనుక విశ్వవిద్యాలయమునకంతకును కలిపి ఒక గణితశాల ఉండవలెనని తీర్మానించిరి. దానికి రెండు విధులు నిర్ణయించిరి. ఎవరికి లెక్క కావలసినను తోడ్పడుట మొదటిది. లెక్కించు ఉపాయములను నానాటికి వృద్ధిచేయుట రెండవది. ఈ రెండు విధులు ఒకదానితో నొకటి ఎట్లు పెనగులాడెనో ముందు చెప్పెదను. లెన్నార్డ్-జోన్స్ దానికి అధ్యక్షుడాయెను. మారిస్ విల్క్స్ అను యువకుడు సహాయకుడుగా చేరెను. శరీరశాస్త్ర శాఖ పూర్వము వాడుకొనిన పాత భవనమును ఆ శాలకిచ్చిరి. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి శాలను సైనిక కార్యములకు తీసికొనిరి. 1945లో విల్క్స్ తిరిగివచ్చి శాల బాధ్యతను వహించెను.

ఆ దినములలోనే మన తెలుగువాడొకడు కేంబ్రిడ్జిలో ఉండెను. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ పండితుడు నడపుచున్న గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. సూడాన్ దేశములోని జెబెల్ మోయా అను చోట త్రవ్వి తీసిన ప్రాచీన మానవుల అస్థులు కేంబ్రిడ్జి మ్యూజియములో ఉండెను. వాని కొలతలను పరిశీలించి, ఆ ప్రజలు ఏ జాతులకు దగ్గరివారో తేల్చుటకై 1946లో రావుగారు అచ్చటికి వెళ్లెను. గణాంకశాస్త్రమున మహామహుడగు ఫిషర్ పర్యవేక్షణమున 1948లో డాక్టరు పట్టము పొందెను. ఆ అస్థుల గ్రంథము 1955లో వెలువడెను. రావుగారు నూటరెండేండ్లు జీవించి 2023లో కీర్తిశేషులైరి. ఆయన కేంబ్రిడ్జిలోనున్న రెండేండ్లును, ఆ ఊరిలోనే, గణితశాలలో నేను చెప్పబోవు విద్యుద్యంత్రము తయారగుచుండెను. అది ఇంకను పూర్తికాలేదు. ఆ తరము వారందరికిని చేతి లెక్కయు, బల్లపై పెట్టి త్రిప్పు యంత్రమునే ఆధారము.

1946 మే నెలలో కామ్రీ అను గణనశాస్త్రజ్ఞుడు అమెరికా నుండి వచ్చుచు ఒక నివేదికను తెచ్చెను. యంత్రము తాను చేయవలసిన పనుల ఆజ్ఞలను గూడ తన జ్ఞాపకములోనే దాచుకొనవచ్చునను భావము అందు గలదు. విల్క్స్‌కు ఆ ప్రతి ఒక్క రాత్రికి మాత్రమే దొరకెను. ప్రతులు తీయు యంత్రము లేని కాలమగుటచే ఆయన రాత్రియంతయు మేలుకొని చదివెను. ఆ ఆగస్టులో ఫిలడెల్ఫియా పట్టణమున ఈ విషయమై జరిగిన ఉపన్యాసములకు ఆలస్యముగానైనను పోయి వినెను. తిరిగి వచ్చునపుడు ఓడలోనే తన యంత్రము యొక్క రూపురేఖలను గీయ మొదలిడెను. ఆ యంత్రమునకు ఎడ్‌సాక్ అని పేరు.

దానిలో సుమారు 3000 వాల్వులుండెను. మన పాత రేడియో పెట్టెలలో వెలుగుచుండిన వాల్వుల వంటివే అవి. జ్ఞాపకము కొరకు అయిదడుగుల పొడవు గల ఉక్కు గొట్టములలో పాదరసము నింపిరి. గొట్టము ఒక కొసను కొట్టిన ధ్వని పాదరసము గుండ నడచి రెండవ కొసను చేరును. చేరగానే దానిని విద్యుత్తుగా మార్చి మరల మొదటి కొసకు పంపుదురు. నూతిలో అరచినపుడు ప్రతిధ్వని వచ్చును గదా. ఆ ప్రతిధ్వని ఆగిపోకుండ మరల మరల అరచుచున్నచో ఆ మాట నూతిలో నిలిచియున్నట్లే. అంకెలును ఆజ్ఞలును ఇట్లు పాదరసములో తిరుగుచుండెను. ధనము చాలినంత లేనపుడు లండనులో తేనీటి దుకాణములు నడపు లయన్స్ కంపెనీవారు 3000 పౌనులిచ్చిరి. తమ దుకాణముల లెక్కలకు ఇట్టి యంత్రము పనికివచ్చునని వారు ముందుగనే గ్రహించిరి. 1951లో తమ సొంత యంత్రమును గూడ పనికి పెట్టుకొనిరి.

ఇచ్చట విల్క్స్ యొక్క బుద్ధివిశేషమును గమనింపవలెను. ఇతరులు మిక్కిలి వేగముగల యంత్రమును కట్టుటకు పోటీపడుచుండగా, ఆయన తెలిసియే నెమ్మదైన మార్గమును ఎన్నుకొనెను. యంత్రము త్వరగా సిద్ధమై, నమ్మకముగా నడచి, లెక్కలకై కాచుకొనియున్న పరిశోధకులకు ఉపయోగపడవలెనని ఆయన సంకల్పము. 1949 మే 6వ తేదీన ఎడ్‌సాక్ మొదటిసారి నడచెను. సున్న మొదలు 99 వరకు గల సంఖ్యల వర్గములను అచ్చువేసెను. మన వీధిబడిలో పిల్లలు వల్లించు ఎక్కముల వంటి పని అది. పట్టిన కాలము 2 నిమిషముల 35 సెకనులు. మాంచెస్టరు పట్టణమున 1948 జూన్‌లోనే ఇట్టి చిన్న యంత్రమొకటి నడచినది. అది ప్రయోగము కొరకు కట్టినది. అందరి లెక్కలకును నిత్యము పనిచేయు యంత్రముగా ఎడ్‌సాక్ 1950 నుండి సేవ సాగించెను.

ఆ సేవ యెట్లు జరిగెడిదో వివరించెదను, ఏలయన నా కథలోని ముఖ్యభాగమిదియే. పరిశోధకుడు తన లెక్కను ఆజ్ఞల వరుసగా వ్రాసుకొనవలెను. ఆ ఆజ్ఞలను సన్నని కాగితపు పట్టీపై చిల్లులుగా పొడువవలెను. పట్టీలను వరుసగా ఒక తీగపై, ఆరవేసిన బట్టలవలె తగిలించెడివారు. యంత్రమును నడపువారు, వారిలో స్త్రీలు పెక్కురు, వంతు ప్రకారము ఒక్కొక్క పట్టీని తీసి యంత్రమునకు పెట్టి, వచ్చిన ఫలమును అచ్చుకాగితముపై అందించెడివారు. రాత్రులందు ఇంజనీర్లు ఇండ్లకు పోయిన పిమ్మట, తగిన శిక్షణ పొంది అనుమతి గడించిన పరిశోధకులే యంత్రమును నడుపుకొనవచ్చును. అది చెడిపోయిన క్షణమున ఆ రాత్రికి పని ముగిసినట్లే. తెల్లవారి మరమ్మతు చేయువారు వచ్చువరకు ఎవరును చేయగలది లేదు.

యంత్రము సెకనునకు సుమారు 650 ఆజ్ఞలను నెరవేర్చును. అయినను ఆజ్ఞలలో ఒక్క అక్షరము తప్పినచో ఫలమంతయు తప్పును. 1949లోనే విల్క్స్ ఒకనాడు మెట్లెక్కుచు, తన శేషజీవితములో మంచిభాగము తాను వ్రాసిన ఆజ్ఞలలోని తప్పులను వెదకుటకే సరిపోవునని తోచి నిలిచిపోయెనని తన స్మృతులలో వ్రాసికొనెను. అంతవాని స్థితి అట్లుండగా, జీవశాస్త్రము చదివినవాడు యంత్రము ముందు నిలువగలడా? ఇందుకు డేవిడ్ వీలర్ అను యువకుడు మార్గము చూపెను. పలువురకు పలుమారు కావలసిన లెక్కలకు, వర్గమూలము వంటివానికి, ఆజ్ఞలను ఒక్కసారి తప్పులేకుండ వ్రాసి, పరీక్షించి, పట్టీలుగా పొడిచి భాండారములో ఉంచిరి. కావలసినవాడు ప్రతి తీసికొని తన పట్టీలో చేర్చుకొనును. 1951 నాటికి అట్టివి 87 ఉండెను. విల్క్స్, వీలర్, గిల్ అను ముగ్గురు కలిసి ఆ యేడు దీనిని గూర్చి గ్రంథమును ప్రకటించిరి. ఆజ్ఞలు వ్రాయు విద్యను నేర్పుటకు వేసవి తరగతులు 1950 నుండి జరిగెను. 1953లో ఆ విద్యకు విశ్వవిద్యాలయ పట్టమునిచ్చు తరగతి గూడ ఆరంభమాయెను. ఒకడు పడిన శ్రమ మరియొకడు మరల పడకుండుటయే ఈ యేర్పాటులోని ధర్మము.

ఫలములేవి? రావుగారికి గురువైన ఫిషరే మొదట వచ్చినవారిలో ఒకడు. జీవుల గుణములు ఒక ప్రదేశము నుండి మరియొక ప్రదేశమునకు క్రమముగా మారుటను తెలుపు సమీకరణమునకు ఆయన ఫలము కోరగా, విల్క్స్‌ను వీలర్‌ను ఎడ్‌సాక్‌పై కట్టించి యిచ్చిరి. ఆ వ్యాసము 1950లో వెలువడెను.

కెండ్రూ అను శాస్త్రజ్ఞుడు కండరములలో ప్రాణవాయువును నిలువచేయు మయోగ్లోబిన్ అను పదార్థము యొక్క ఆకృతిని తెలిసికొనగోరెను. స్ఫటికముగుండ ఎక్స్ కిరణములను పంపగా ఫలకముపై వేలకొలది చుక్కలు పడును. వాని నలుపును కొలుచుటకు ఆయన యువతులను నియమించెను. ఆ కొలతలను కూర్చి ఆకృతిని రాబట్టు లెక్క మనుష్యుని చేతికి మించినది. కెండ్రూ తానే ఆజ్ఞలు వ్రాయ నేర్చి, గణితశాలలోని బెన్నెట్‌తో కలిసి 1952లో ఆ విధానమును ప్రకటించెను. 1958లో ఆ పదార్థపు స్థూలరూపమును, తరువాత ఎడ్‌సాక్ 2 అను క్రొత్త యంత్రముతో సూక్ష్మరూపమును 1960లో లోకమునకు చూపెను. 1962లో ఆయనకును పెరుట్జ్‌కును నోబెల్ బహుమానము వచ్చెను.

మార్టిన్ రైల్ అనునాయన ఆకాశము నుండి వచ్చు రేడియో తరంగములను పరిశీలించువాడు. మన యింటికప్పుపై ఏరియలు కట్టినట్లు, ఆయన చిన్న ఏరియళ్లను వేరువేరు చోట్లకు మార్చుచు, అవి పట్టిన సంకేతములను లెక్కచే కలిపి, ఒక మహాఏరియలు పట్టినంత స్పష్టమైన చిత్రమును రాబట్టెను. ఆ కలుపుటయంతయు గణనయే. 1974లో నోబెల్ బహుమానము పొందినపుడు, తన పద్ధతి యొక్క అభివృద్ధి గణనయంత్రముల అభివృద్ధితో ముడిపడియున్నదని ఆయన తన ఉపన్యాసమున ఒప్పుకొనెను.

మరి సేవ లేనినాడు ఏమగును? దానికి సాక్ష్యము ఆ ఊరిలోనే కలదు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఇద్దరు నరముల వెంట సంకేతము ఎట్లు ప్రయాణించునో తెలుపు సమీకరణములను కూర్చిరి. సమీకరణములు నిజమగునా కాదా అని తేల్చుటకు వానిని కట్టి చూడవలెను. సరిగా ఆ సమయమున, 1951లో, మార్పులకొరకు ఎడ్‌సాక్‌ను ఆరు నెలలు ఆపివేసిరి. హక్స్‌లీ వేచియుండలేక చేతితో త్రిప్పు బ్రన్స్‌విగా యంత్రమును ముందు పెట్టుకొని త్రిప్పనారంభించెను. నరము వెంట ఒక్క సంకేతము పోవు తీరును కట్టుటకే సుమారు మూడు వారములు పట్టెను. ఆ ఫలము ప్రయోగముతో సరిపోయెను. 1963లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను.

ఈ సంగతిని రెండు విధముల చదువవచ్చును. ధీరుడు యంత్రము లేకున్నను సాధించునని కొందరందురు. నేనట్లు చదువను. హక్స్‌లీవంటి చేయి, ఓర్పు ఎందరికి కలదు? మూడు వారములు త్రిప్పలేక విడిచిపెట్టినవారి పేర్లు చరిత్రలో లేవు గనుకనే మనకట్లు తోచుచున్నది. ఉమ్మడి సేవ యొక్క ప్రయోజనము మహావీరులకు కాదు, సామాన్యుడైన పరిశోధకునకు.

నేను మొదట చెప్పిన రెండు విధుల పెనగులాట ఇదియే. యంత్రము నేడు నడచిన చాలునని వాడుకొనువాడు కోరును. రేపు ఇంకను బాగుగా నడువవలెనని కట్టువాడు కోరును. రేపటి బాగునకై నేడు ఆపక తప్పదు, ఆపినపుడు ఎవరో ఒకరు వీధిన పడుదురు. చెరువు పూడిక తీయుటకు ఆ యేటి పంటను వదలుకొనవలసివచ్చిన ఊళ్లకు ఈ ధర్మసంకటము క్రొత్తది కాదు. గణితశాల దీనికి కనుగొన్న ఉపాయము మంచిది. తరువాతి యంత్రమును ప్రక్కన కట్టి, అది నిలద్రొక్కుకొనిన పిమ్మటనే పాతదానికి సెలవిచ్చిరి. ఎడ్‌సాక్ 2 పనికి కుదిరిన పిదప 1958 జూలై 11వ తేదీన ఎడ్‌సాక్‌ను ఆపిరి. ఎడ్‌సాక్ 2ను 1965లో ఆపునప్పటికి టైటన్ అను పెద్ద యంత్రము వచ్చియుండెను. 1970లో గణితశాల పేరు కంప్యూటరు శాలగా మారెను. క్రమముగా పరిశోధన ఒక యింటను, సేవ మరియొక యింటను స్థిరపడెను. 2014లో విశ్వవిద్యాలయపు కంప్యూటరు సేవలన్నియు ఒకే వ్యవస్థగా కూడెను.

నేడు విశ్వవిద్యాలయములలో ఒక్కొక్క విజ్ఞానశాఖకును కంప్యూటర్లను చూచువారు ప్రత్యేకముగానుందురు. రాత్రి లెక్క ఆగిపోయినచో లేపవలసినది వారిని. పరిశోధకుని పది సంవత్సరముల కొలతలు నశింపకుండ ప్రతులు దాచువారు వారు. క్రొత్తగా చేరిన విద్యార్థికి మొదటి పాఠము చెప్పువారును వారే. పని చక్కగా జరిగినన్నాళ్లు వారున్నట్లే ఎవరికిని తెలియదు, చెడిననాడు అందరును వారి పేరే పిలుతురు.

మన ఊళ్లలో చెరువు క్రింద నీరుగంటివాడుండెడివాడు. పెద్దరైతు మడి, పేదరైతు మడి అని చూడక, వంతు ప్రకారము తూము తీసి నీరు వదలుట వాని పని. పంట ఇంటికి వచ్చినపుడు కళ్లములో వానికి కొలిచి యిచ్చు మేర ఉండెడిది. అది దానము కాదు, హక్కు. శాస్త్రలోకములో ఆ మేర అన్నిచోట్లను ఇంకను ఏర్పడలేదు. కొందరు గ్రంథము చివర ఒక పంక్తిలో కృతజ్ఞత చెప్పుదురు, కొందరు అదియు మరతురు. మీ పిల్లలును మనుమలును నేడు దేశదేశముల విద్యాలయములలో ఈ పనులలో ఉన్నారు. ఇంటికి వచ్చినపుడు, ఏమి కనిపెట్టితివని వారినడిగినచో కొందరు బదులు చెప్పలేక ఊరకుందురు. ఎవరి లెక్క నీవలన సాగినదని అడుగుడు. అప్పుడు వారు చెప్పుదురు.